పొడుగు చిల్లు

మా బావకి తెలిసిన సామెత ఒక్కటే: బామ్మర్ది బతక కోరతాడు, దాయాది చావ కోరతాడు. మా అక్క మెడలో తాళి కట్టిన నాటి నుంచి ముప్పై ఏళ్ళుగా, నలుగురు కనిపిస్తే చాలు, నా భుజం మీద చెయ్యేసి ఇదే మాట. బావకి దాయాదులు లేరు. ఆ పని కూడా నేనే చేశాను.

ఇది చదివి నన్ను తిట్టుకునేవాళ్ళు నిరభ్యంతరంగా తిట్టుకోవచ్చు. నన్ను నేను తిట్టుకున్నంతగా ఎవరూ తిట్టలేరని గొప్పలు పోను, ఎందుకంటే చేసిన రోజున నేను తిట్టుకోలేదు. కడుపునిండా భోంచేశాను.

బావది రేపల్లెలో విత్తనాల కొట్టు. వరి, మినుము, పెసర, జనుము. సీజనులో ఆ కొట్టు ముందు నిలబడటానికి చోటుండదు. నాది తెనాలిలో మోటార్ల రిపేరు షాపు. ఇద్దరికీ ఉన్న పిచ్చి ఒకటే, రైఫిల్ షూటింగు. వేట కాదు. మూడు వందల మీటర్ల దూరంలో నిలబెట్టిన కాగితం బోర్డు మీద గురి. బాపట్ల అవతల, సముద్రం వైపు, సరుగుడు తోటల పక్కన ఇసుక నేలలో మట్టికట్ట పోసి కొందరు కలిసి క్లబ్బు పెడితే మేమిద్దరం చేరాం. లైసెన్సుల కోసం తిరిగిన తిరుగుడు చెబితే చాంతాడంత అవుతుంది. చివరికి ఇద్దరం ఒకే కంపెనీ రైఫిళ్ళు ఒకేసారి తెప్పించుకున్నాం.

కాల్చడం వరకే బావ పని. కాల్చాక గొట్టంలో మసి తియ్యడం, నూనె గుడ్డ తొయ్యడం నా పని, రెండు రైఫిళ్ళకీ. ఎందుకంటే నేను బామ్మర్దిని, పైగా మోటార్ల వాణ్ణి. మావాడు తోమితే అద్దమే అని క్లబ్బులో అందరి ముందూ పొగిడేవాడు. అలా తోమగా తోమగా నేనొక సంగతి కనిపెట్టాను. రైఫిల్ గొట్టం లోపల తాడు పేనినట్టు మెలితిరిగిన గాడులు ఉంటాయి. గుండు బయటికి పోయేటప్పుడు అవే దాన్ని బొంగరంలా తిప్పుతాయి. జోరుగా తిరిగినంతసేపే బొంగరం నిటారుగా ఉంటుంది. గుండు బరువూ పొడుగూ పెరిగేకొద్దీ ఇంకా జోరుగా తిప్పాలి. ఒకరోజు తోమే కడ్డీ మీద గుర్తు పెట్టి గొట్టంలోకి తోసి, అది ఒక చుట్టు తిరగడానికి ఎంత దూరం పోతోందో టేపుతో కొలిచాను. మావి సోమరి గొట్టాలు. తేలిక గుండ్లని చక్కగా తిప్పుతాయి, బరువు గుండ్లని తిప్పలేవు. అవి దారిలో తూలిపోయి, బోర్డుకి ముక్కుతో కాకుండా పక్కకి పడి తగులుతాయి. ఈ మాట చెబుదామని టేపు పట్టుకుని బావ దగ్గరికి వెళితే, కొలతలు తీసుకోవడానికి ఇదేమన్నా జాకెట్టు గుడ్డా అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాను.

ఇదొక్కటే అయితే నేనింత పాపానికి ఒడిగట్టేవాణ్ణి కాదు. నాకొక జబ్బుంది. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కన్ను చికిలించి భుజం ముడుచుకుంటాను. రైఫిల్ వెనక్కి తన్నుతుందని ఒంటికి ముందే భయం. దాన్ని మానుకోవడానికి నేను పడిన పాట్లు దేవుడికే తెలుసు. మా అబ్బాయి పెళ్ళిలో వియ్యాలవారితో కలిసి బంతిలో కూర్చున్నప్పుడు, బావ సాంబారు వడ్డించే అతని చేతిలో గరిటె లాక్కుని భుజానికి ఆనించాడు. నా కన్ను చికిలింపు, నా మూతి వంకర, నా భుజం ముడత, అన్నీ అచ్చు దింపేశాడు. నోటితో టప్ మని చప్పుడు కూడా చేశాడు. వియ్యంకుడికి నవ్వీ నవ్వీ పొలమారింది. మా ఆవిడ నవ్వింది. కొత్త కోడలు తల వంచుకుని నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వక ఏం చేస్తాను. బావామరుదుల సరసం కదా, కోపమొస్తే మనదే తప్పు. ఆ పూట తిన్న బూరె నాకు ఇప్పటికీ అరగలేదు.

ఆ మరుసటి వేసవిలో ఇద్దరం బాపట్ల నుంచి వస్తూ చెరుకుపల్లిలో టీ కోసం ఆగాం. బావ గ్లాసు పట్టుకుని చాలాసేపు తాగలేదు. ఎడమచేతి బొటనవేలు అప్పుడప్పుడు తనంతట తనే కదులుతోందని చెప్పాడు. వాళ్ళ నాన్నకి వణుకుడు జబ్బు ఉండేది. చివరి రెండేళ్ళు మా అక్కే అన్నం కలిపి ఆయన నోట్లో పెట్టింది. అదే తనకీ వస్తోందేమోనని బావ భయం. డాక్టరుకి చూపించుకోమన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"చలికాలం పోటీ ఉందిగా, అదే నా డాక్టరు," అన్నాడు. "స్కోరు వస్తే చెయ్యి ఉన్నట్టు. రాకపోతే పోయినట్టే. ఇంక రైఫిల్ ముట్టుకోను. మీ అక్కకి చెప్పకురా."

ముప్పై ఏళ్ళలో బావ నాతో ఎగతాళి లేకుండా మాట్లాడింది ఆ అయిదు నిమిషాలే. నేను బుద్ధిమంతుడిలా తలూపాను. లోపల మాత్రం, దొరికాడురా అనిపించింది. నిజంగా అదే అనిపించింది.

మా క్లబ్బులో తూటాలు అడగ్గానే దొరికే సరుకు కాదు. ఏ రకం కావాలో ముందే ఫారం మీద రాసివ్వాలి, మనిషికి ఇన్నని కోటా, రాసిచ్చాక మార్చడం ఉండదు. ఆ ఏడు రెండు రకాలు వస్తాయన్నారు. రెండూ మా రైఫిళ్ళలో పట్టేవే, మూతి దగ్గర గుండు మాత్రం తేడా. ఒకదానిది తేలిక గుండు, పొట్టిగా ఉంటుంది. రెండోదానిది బరువు గుండు, పొడుగ్గా ఉంటుంది. మచ్చుకి రకానికొకటి ఇచ్చారు. బావ వాటిని కొట్టుకి తీసుకెళ్ళి, నన్ను రేపల్లె పిలిపించి, విత్తనాల త్రాసులో చెరో పక్కనా పెట్టి చూపించాడు.

ఆ కొట్లో ఒక మూల ఉప్పునీళ్ళ బకెట్టు ఎప్పుడూ ఉంటుంది. రైతు ఎవరైనా అనుమానపడితే బావ గుప్పెడు వడ్లు అందులో పోస్తాడు. తాలు పైకి తేలుతుంది, గట్టిగింజ అడుక్కి పోతుంది. బరువున్నదే విత్తనం, తేలింది తౌడుకి కూడా పనికిరాదు. మా డెల్టాలో ఈ సంగతి ఒకరు నేర్పక్కర్లేదు, బారసాల నాటికే తెలుస్తుంది. బావ బతుకంతా ఆ బకెట్టు మీదే నడిచింది. కాబట్టి త్రాసు ఎటు మొగ్గిందో చూసి ఒక్క నిమిషంలో తేల్చేశాడు. బాపట్ల గాలికి తేలికది తాలులా కొట్టుకుపోతుంది, బరువైందే నిలుస్తుంది అని. మాట సగం నిజమే. బరువు గుండుని గాలి తక్కువగా నెడుతుంది. దాన్ని తిప్పగలిగే గొట్టం ఉండాలి, అంతే.

ఫారం మీద రాయబోతూ బావ కలం ఆపాడు.

"నువ్వేమంటావురా?" అన్నాడు. "గొట్టం లోపల చూసేది నువ్వేగా."

ఎన్నడూ అడగనివాడు ఆ రోజే అడిగాడు. చెయ్యి భయం మనిషిని అంత మెత్తబరిచింది. కడ్డీ, గుర్తు, టేపు, అన్నీ నా నాలుక చివర ఉన్నాయి. కొట్టు ముందు ఎవరో పురుగుమందు డబ్బా దించుతున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా ఉండి చెప్పాను.

"నీకు చెప్పేంతవాణ్ణా బావా. బరువైందే నిలబడుద్ది."

బావ బరువువి రాశాడు. నా ఫారంలో నేను తేలికవి రాసుకున్నాను. బావ తొంగి చూసి పకపకా నవ్వి, కన్ను చికిలించేవాళ్ళకి అవే సరిపోతాయిలే, భుజం కందిపోకుండా ఉంటుంది అన్నాడు. కొట్లో గుమాస్తా కూడా నవ్వాడు. ఒకే రకం రైఫిల్ పెట్టుకుని బావకి బరువువి చెప్పి తను తేలికవి ఎందుకు రాసుకున్నాడని ఇంకెవరూ ఆలోచించలేదు. బావ ఎగతాళే నాకు అడ్డు నిలబడింది.

తూటాలు చేతికొచ్చేసరికి పోటీకి వారమే ఉంది. లెక్కగా ఇచ్చినవి కాబట్టి ఎక్కువ కాల్చి చూసుకునే వీలు లేదు. బావ వంద మీటర్ల దూరంలో అయిదు కాల్చి, గురి చూసే సైటు సరిచేసుకున్నాడు. కాగితం తేవడానికి వెళ్ళింది నేనే. చిల్లులు కొంచెం చెదిరి, కొంచెం కోలగా ఉన్నాయి. వంద దగ్గరే ఇలా ఉంటే మూడు వందల దగ్గర ఏమవుతుందో నాకు అర్థమైంది. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, బాగానే ఉన్నాయి బావా, కాస్త గాలి అంతే, అని చెప్పాను. ఆ వారమంతా నాకు మంచి నిద్ర పట్టింది.

పోటీ రోజు సంగతి చెప్పాలంటే ముందు మా క్లబ్బు ఆనవాయితీ చెప్పాలి. బోర్డుల కింద మనిషి లోతు సిమెంటు గొయ్యి ఉంటుంది. కాల్చే ప్రతివాడికీ అందులో ఒక మనిషి ఉండాలి. గుండు తగలగానే బోర్డు కిందికి దించి, ఎక్కడ తగిలిందో అవతలివాళ్ళకి గుర్తుపలకతో చూపించి, చిల్లు మీద కాగితం ముక్క అంటించి మళ్ళీ పైకెత్తాలి. ఎవరి బోర్డుకి ఎవరుండాలో కాల్చేవాడే ఎంచుకుంటాడు. నీకు నమ్మకమున్న మనిషిని పెట్టుకో అని. బావ ఎప్పుడూ నన్నే పెట్టుకునేవాడు. ఆ రోజు కూడా తన సామెత చెప్పి, వీపు చరిచి నన్ను గోతిలోకి పంపాడు. నా వంతు మధ్యాహ్నం. నా తూటాలు కారులో ఉన్నాయి. నా వంతుకి పోగా ఇంకో ఇరవై మిగులుతాయి. మా గొయ్యిలో ఉన్నవాళ్ళకి తలా ఒక వాకీటాకీ ఇస్తారు. ఏదన్నా తేడా ఉంటే చెప్పడానికే అది.

మొదటి గుండు తగిలింది. బోర్డు దించాను. నల్ల వలయం అంచున చిల్లు. గుండ్రంగా లేదు. వడ్లగింజ ఆకారంలో పొడుగ్గా, అడ్డంగా చీలి ఉంది. నేను కొలిచిన కొలత తప్పు కాలేదు. ఆ క్షణంలో నాకు కలిగింది భయం కాదు, పశ్చాత్తాపం కాదు, లెక్క సరిపోయిన పిల్లాడి సంతోషం. చూపుడు వేలు పెట్టి చిల్లు పొడుగు చూశాను. పక్క బోర్డు ఆయన తన పనిలో తనున్నాడు. సముద్రపు తేమకి స్టిక్కర్లు ఊడిపోతాయని మాకు మైదా జిగురే ఇస్తారు. డబ్బాలో వేలు ముంచి నల్లకాగితం ముక్కకి రాసి, చిల్లు మూసేసి, బోర్డు పైకెత్తాను.

రెండోది వలయం దాటి తెల్లలో పడింది. మూడోది మధ్యకి దగ్గరగా వచ్చింది, అదీ పొడుగే. నాలుగోది మళ్ళీ తెల్లలో. తూలే గుండు ఎటు పోతుందో దానికే తెలియదు. ఇరవై సార్లు బోర్డు దించాను. ఇరవై సార్లూ వాకీటాకీ నా నడుముకే ఉంది. బావా, ఆపు, నా తూటాల పెట్టె తీసుకో అంటే సరిపోయేది. పదకొండో దాని దగ్గర బావ పోటీ అధికారి చేత వాకీటాకీలో అడిగించాడు, గోతిలో సరిగ్గా చూస్తున్నారా అని. చూస్తున్నాను, అక్కడే తగిలింది అని జవాబిచ్చాను. అందులో అబద్ధం లేదు. పదిహేనో దాని దగ్గర కాస్త జాలి వేసింది. వెంటనే గరిటె గుర్తొచ్చింది. పదహారోదానికి అతుకు ఇంకా శుభ్రంగా వేశాను.

ఆఖరి గుండు తర్వాత కాగితం ఊడదీసి కాల్చినవాడికే ఇచ్చెయ్యాలి. చుట్ట చుట్టి, రబ్బరు వేసి ఇచ్చాను. బావ విప్పి చూడలేదు, చంకలో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం నేను కాల్చినప్పుడు నా బోర్డు కింద గోతిలోకి బావే దిగాడు, నేను అడక్కుండానే. నావి ఇరవై గుండ్రటి చిల్లులు. నా బతుకులో అంత స్కోరు ముందెప్పుడూ రాలేదు, ఇక రాదు కూడా. ఒక్కసారి కూడా కన్ను చికిలించలేదు. బావ నా చిల్లులన్నిటికీ ఓపిగ్గా అతుకులు వేసి, పైకొచ్చి నన్ను కావలించుకున్నాడు. చేతికి మైదా జిగురు ఇంకా ఆరలేదు.

తిరుగు ప్రయాణంలో కారు తాళాలు నా చేతికిచ్చాడు. తన కారు ఎవరికీ ఇచ్చే మనిషి కాదు. ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అదెవరిదో పరాయివాళ్ళ చెయ్యి అయినట్టు చూస్తూ కూర్చున్నాడు. చెరుకుపల్లి వచ్చింది. ఆ టీ కొట్టు రాగానే అన్నాడు.

"మా నాన్న చెయ్యి నాకు వచ్చేసిందిరా."

అప్పుడైనా చెప్పొచ్చు. దారి పొడుగునా చెప్పొచ్చు.

"వయసు కదా బావా," అన్నాను.

రేపల్లెలో అక్క గోంగూర పచ్చడి, రొయ్యల వేపుడు చేసింది. బావ మజ్జిగ తాగి లేచాడు. నేను రెండోసారి పెట్టించుకుని తిన్నాను.

ఆ తర్వాతవి ఒకటొకటే జరిగాయి. బావ రైఫిల్ అప్పగించేసి క్లబ్బుకి ఉత్తరం రాసిచ్చాడు. త్రాసు గుమాస్తాకి వదిలేశాడు. కారు మానేశాడు. సంతకం పెట్టాల్సి వస్తే అక్క వచ్చి కాగితం పట్టుకోవాలి. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, పెద్ద జబ్బేమీ కనిపించడం లేదు, ధైర్యంగా ఉండండి అన్నాడు. బావ నమ్మలేదు. వాళ్ళ నాన్నకి కూడా మొదట్లో ఇలాగే చెప్పారట. బోర్డు అబద్ధం చెప్పదు కదా అన్నాడు డాక్టరుతో. పోయిందని నమ్మిన చెయ్యి ఎన్నాళ్ళని ఆగుతుంది, ఇప్పుడు నిజంగానే వణుకుతోంది. ఎగతాళి కూడా పోయింది. ముప్పై ఏళ్ళుగా నేను కోరుకున్నది అదే. తీరా అది దక్కాక ఎదురుగా కూర్చున్నది మా బావ కాదు, ఎవరో పెద్దాయన. నా బోర్డు కాగితానికి ఫ్రేము కట్టించి కొట్లో గల్లాపెట్టె పైన తగిలించాడు. మినుములు కొనడానికి వచ్చిన రైతుకి కూడా చూపించి, మా బామ్మర్ది చెయ్యి చూడండి అంటాడు.

పోయిన నెల రేపల్లె వెళితే అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. పచ్చళ్ళ అలమర దులుపుతోంది. అరలో పరిచిన కాగితం ఒకటి తీసి బల్ల మీద వేసింది. బావ బోర్డు కాగితం. మందంగా ఉందని అప్పట్లో జాడీల కింద వేసిందట, వెనక వైపు పైకి పెట్టి. అతుకులు వేసింది ముందు వైపు. వెనక నుంచి చూస్తే తెల్లకాగితం మీద ప్రతి చిల్లూ దాని ఆకారంలో అది కనిపిస్తుంది. లోపలి నుంచి నా నల్ల అతుకులు. ఆ వైపు నేనూ ఎప్పుడూ చూడలేదు. బల్లంతా నల్ల వడ్లు చల్లినట్టుంది.

మా అక్క ముప్పై ఏళ్ళుగా చాటలో విత్తనాలు ఏరుతున్న మనిషి. ఒక గింజ తేడాగా ఉంటే చేతికే తెలుస్తుంది ఆమెకి. ఒక చిల్లు మీద గోరు పెట్టింది.

"కొట్లో నీ కాగితం మీద చిల్లులు గుండ్రంగా ఉన్నాయి. ఇవి ఇలా ఎందుకున్నాయిరా?"

నేను కాగితం లాగబోయినా ఆమె గోరు తియ్యలేదు.

"అతికించింది నువ్వేగా," అంది. "నీకు తెలుసా అప్పుడే?"

"తెలుసు," అన్నాను.

అక్క అరవలేదు, ఏడవలేదు. జాడీ మూత తుడిచి పక్కన పెట్టింది. అంతవరకు రాని మాటలు నాకు అప్పుడు వరదలా వచ్చాయి. తూటా తప్పే గాని చెయ్యి తప్పు కాదని, బావ కాళ్ళ మీద పడతానని, ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తానని, చెబితే ఆ చెయ్యి బాగుపడుతుందని ఏదేదో అన్నాను. ఆమె నా మాటలన్నీ అయ్యేదాకా ఆగింది.

"చెప్పకు," అంది. "చెయ్యి పోయిందని ఏడ్చాడు, సర్దుకున్నాడు. పొద్దున లేస్తే నీ పేరే జపం. నువ్వు కూడా పోయావంటే ఆయనకి ఇంకేం మిగులుద్ది?"

"మరి నేనెలా ఉండేదక్కా?"

"నువ్వెలా ఉంటే నాకెందుకు?" అంది. "వారం వారం రా. వచ్చి ఆయన ముందు కూర్చో. ఆయన నిన్ను పొగుడుతుంటే నేను వింటుంటాను, నువ్వూ విను."

హాల్లోంచి చెప్పుల చప్పుడు వినిపించింది. బామ్మర్దికి టీ తనే ఇస్తానని బావ రెండు చేతులతో గ్లాసు పట్టుకుని వచ్చాడు. గుమ్మం దాటేసరికే సగం ఒలికింది. బల్ల మీద పెట్టబోతే మిగతాది కాగితం మీద పడింది. అదేంటి అని బావ వంగాడు. అక్క కాగితాన్ని ఉండ చేసి ఆ టీ తుడిచేసింది.

"అలమరలో పరిచిన పాత కాగితమండి," అంది.

బావ తడి చెయ్యి పంచెకి తుడుచుకుని నా భుజం మీద వేశాడు. షాపు మూసేసి తన కోసం ఇంత దూరం వచ్చానని కళ్ళు చెమ్మగిల్లాయి.

"బామ్మర్ది బతక కోరతాడని ఊరికే అన్నారా," అన్నాడు. "చూశావుటే?"

"చూశానండి," అంది అక్క, కాగితం చెత్తబుట్టలో వేసి చేతులు కడుక్కుంటూ. బావ చెయ్యి నా భుజం మీదే ఉంది, వణుకుతూ.